మారు అడిగిన రోజు

నేను ఒక గాజు సీసాని. సీసా అనగానే మెడ సన్నగా ఉండే మందు సీసాని ఊహించుకోకండి, నాకు చిర్రెత్తుకొస్తుంది. వెడల్పాటి మూతి, గుండ్రటి పొట్ట, ఎర్ర రేకు మూత ఉన్న అయిదు లీటర్ల సీసాని నేను. రెండు చేతులూ వేస్తే గానీ నన్ను ఎత్తలేరు. ప్రస్తుతం కాకినాడలో ఒక పెంకుటింటి ముందు గదిలో, కిటికీ పక్కన, ముక్కాలి పీట మీద ఉన్నాను. నాలో నీళ్ళున్నాయి, నీళ్ళలో ఒక చేప ఉంది. ఈ చేప సంగతి చెప్పాలంటే ఆ ఇంటాయన సంగతి చెప్పాలి, ఆయన సంగతి చెప్పాలంటే అన్నం సంగతి చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

నేను పుట్టింది ఉత్తరాదిన ఎక్కడో. ఊరి పేరు తెలియదు, పుట్టేటప్పుడు మనకెవరూ చెప్పరు కదా. కరిగిన గాజు ముద్దని గొట్టం చివర పట్టుకుని ఒకాయన బుగ్గలు ఉబ్బించి ఊదాడు. ఆ ఊపిరిలోది ఒక్క బుడగ నా అడుగున చిక్కుకుని ఇప్పటికీ అలాగే ఉంది. అది లోపమని నన్ను పక్కన పెట్టబోయాడు, మళ్ళీ ఏమనుకున్నాడో పెట్టెలో సర్దేశాడు. ఎండుగడ్డి చుట్టి పన్నెండు మందిని ఒకే పెట్టెలో పంపితే, కాకినాడ చేరేసరికి ఎనిమిది మందిమి మిగిలాం.

నన్ను మొదట కొన్నది జగన్నాథపురంలో మిఠాయి కొట్టు గంగరాజు. నా నిండా జీళ్ళు పోసేవాడు. నిండా అంటే నిజంగా నిండా కాదు. అడుగున పాత పేపరు ఉండలు చుట్టి పెట్టి, పైన జీళ్ళు పోసి, చూసేవాళ్ళకి నేను కడుపు నిండినట్టు కనిపించేలా చేసేవాడు. ఖాళీ సీసాని చూస్తే జనం కొట్టు మెట్లెక్కరని అతని భయం. మనుషుల గురించి నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే. ఖాళీగా కనబడేదాన్ని వాళ్ళు భరించలేరు. ఏదో ఒకటి వేసి నింపితే గానీ వాళ్ళ ప్రాణం కుదుటపడదు. ఇది వ్యాపారానికైతే సరే, ప్రేమకి కూడా ఇదే పద్ధతి అని తర్వాత తెలిసింది.

గంగరాజు కొట్టు ఎత్తేసినప్పుడు నన్ను చిట్టబ్బాయి గారు తెచ్చుకున్నారు. ఆయనకి మెయిన్ రోడ్డు వెనక సందులో, ఈ పెంకుటింట్లోనే మెస్సు ఉండేది. పేరుకి ఆయన యజమాని, నిజానికి ఆయన ఉద్యోగం వడ్డించడం. వండేది ఆయన భార్య వీరవేణి. ఆవిడ కొరమేను పులుసు పెట్టిందంటే కోర్టు గుమాస్తాలు వాయిదాలు మరిచిపోయి వచ్చేవారు. నన్ను చేతులు కడుక్కునే చోటుకి ఎదురుగా బల్ల మీద పెట్టి, వేయించిన వడియాలూ చల్ల మిరపకాయలూ పోశారు. ఇక్కడ అడుగున పేపరు ఉండలు లేవు. ఇరవై ఆరేళ్ళు ఆ బల్ల మీద ఉన్నాను, ఒక్క రోజు కూడా నా అడుగు బుడగ నాకే కనబడలేదు.

చిట్టబ్బాయి గారికి ఒక పట్టుదల ఉండేది. మారు వడ్డించుకోకుండా ఆయన మెస్సులోంచి ఎవరూ లేవకూడదు. మొదటిసారి ఎంత పెట్టారన్నది లెక్క కాదు. రెండోసారి గరిటె ఆకు మీదికి రావాలి, పది మెతుకులైనా పడాలి. ఒక్కసారే వడ్డించి ఊరుకుంటే ఆ మనిషికీ మన గడపకీ రుణం తీరిపోతుందని, ఇంక ఆ మనిషి తిరిగి రాడని ఆయన తల్లి చెప్పిందట. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయినా ఆయన ఆ మాటని గట్టిగా పట్టుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు చాలు చాలంటూ రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టేవారు. ఆయన కదలకుండా నిలబడి, వేళ్ళ మధ్య ఎక్కడ సందు దొరుకుతుందో చూసి, సరిగ్గా అందులోంచి అన్నం జారవిడిచేవారు.

"చేతులు మీవే గానీ ఆకు మాదండి, ఆయ్," అనేవారు నవ్వుతూ.

తిట్టుకున్నవాళ్ళు కూడా మర్నాడు వచ్చేవారు. నాలుగు గంటలకి జనం అంతా వెళ్ళిపోయాక, ఆలుమగలిద్దరూ వెనక వసారాలో కూర్చునేవారు. ఆవిడ ఆయనకి వడ్డించేది. ఆయన సగం తిని తలెత్తి "మారు" అనేవారు. అడక్కపోయినా ఆవిడ పెడుతుంది, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ప్రతిరోజూ ఆ ఒక్క మాట అనాలి, ఆవిడ గరిటె తియ్యాలి, అప్పుడు గానీ ఆ ఇంట్లో పొద్దు గడిచినట్టు కాదు. వాళ్ళు సరసాలాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటే వాళ్ళ సరసమని చాలా ఆలస్యంగా అర్థమైంది నాకు.

ఒక గురువారం మధ్యాహ్నం, మెస్సు కిటకిటలాడుతుండగా, చిట్టబ్బాయి గారి చేతిలోంచి అన్నం బేసిన్ జారిపోయింది. ఎన్నడూ ఒక మెతుకు నేల మీద పడనివ్వని మనిషి. వంగి ఎత్తబోయి, అలాగే పక్కకి ఒరిగిపోయారు. తింటున్నవాళ్ళే ఎంగిలి చేతులతో ఆయన్ని మోసుకెళ్ళారు. పన్నెండు రోజుల తర్వాత ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. అన్నిటికంటే పెద్ద కష్టం, మింగుడు సరిగ్గా పడేది కాదు.

డాక్టరు గారు ఒక కాగితం మీద రాసిచ్చారు. చిక్కటి జావ, పూటకి పది చెంచాలు. నిటారుగా కూర్చోబెట్టాలి, ముందు చెంచా మింగాకే తర్వాతది పెట్టాలి. పది అయ్యాక ఇంక పెట్టకూడదు. గొంతు అలిసిపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, అప్పుడు ప్రాణానికే ముప్పు అన్నారు. ఇవన్నీ వీరవేణికి చదివి వినిపించింది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హైమ. పిఠాపురంలో బడి పంతులమ్మ, శనివారం సాయంత్రాలు వచ్చి ఆదివారం ఉండి వెళ్తుంది. కాగితాన్ని గోడకి అంటించింది. వీరవేణికి చదువు రాదు గానీ పది అంటే ఎంతో తెలుసు.

తెలిసి ఏం లాభం? రోజుకి నూట యాభై మందికి మారు వడ్డించిన ఇల్లు. ఆ ఇంటాయనకి పది చెంచాల జావ పెట్టి గిన్నె పక్కన పెట్టడం ఆవిడ వల్ల కాలేదు. కూతురు లేనప్పుడు పదకొండోది పెట్టేది, పన్నెండోది పెట్టేది. ఆయనకి పొలమారేది. మొహం ఎర్రబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా దగ్గేవారు. ఆవిడ హడలిపోయి వీపు రాస్తూ, ఇంక పెట్టనండి, మీ మీద ఒట్టు అని ఏడ్చేది. మర్నాడు మళ్ళీ పెట్టేది. నాకు నోరు లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆవిడతో రోజూ తగవు పడేదాన్ని.

మెస్సు మూతపడింది. బేసిన్లు బోర్లించారు. నాలో మిగిలిన వడియాలు మెత్తబడిపోతే పారబోసి, నన్ను ముందు గదిలో ఒక మూల పెట్టారు. గంగరాజు కొట్టు నుంచి లెక్కేసినా నేను ఖాళీగా ఉన్నది అప్పుడే. చిట్టబ్బాయి గారు మంచం మీద గోడకేసి చూస్తూ పడి ఉండేవారు. కళ్ళు తెరిచే ఉండేవి గానీ దేని మీదా నిలిచేవి కావు. వీరవేణి ఆ చూపుకి ఎదురుగా వెళ్ళి నిలబడి, నేనండీ, వేణిని అని చెప్పుకునేది. ఆయన చూపు ఆవిడ మీదుగా గోడకి వెళ్ళిపోయేది.

అలాంటి ఒక శనివారం హైమ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో చేపని తెచ్చింది. ఫైటర్ చేప అంటారట, రెండోదాన్ని పక్కన పెడితే చంపేదాకా ఊరుకోదట, అందుకని ఒక్కటే ఉండాలట. నాన్న చూపు నిలవడానికి ఏదైనా కదిలేది ఎదురుగా పెట్టమని డాక్టరు గారు అన్నారని తల్లికి చెప్పింది. నన్ను శీకాయ పొడితో మూడుసార్లు తోమి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టి, నీళ్ళు పోసి చేపని దింపారు. నెమలి కంఠం రంగు, ఒళ్ళు వేలెడు, తోక మాత్రం పట్టుపంచె కుచ్చెళ్ళలా జీరాడుతూ ఉంటుంది. వీరవేణి దానికి దొరగారని పేరు పెట్టింది. జన్మంతా చేపని వండటమే తెలిసిన మనిషికి చేపకి భోజనం పెట్టడం కొత్త, ఆ మాట ఆవిడే అని మొదటిసారి కొద్దిగా నవ్వింది.

ఆ నవ్వు విని చిట్టబ్బాయి గారి చూపు గోడ మీద నుంచి నా మీదకి వచ్చింది. నిజానికి నాలోని దొరగారి మీదకి. చేప ఇటు వెళ్తే ఆయన కళ్ళు ఇటు, అటు వెళ్తే అటు. హైమ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వీరవేణి వెంటనే, ఈ చేపకి ఏమైనా అయితే మళ్ళీ ఆయన గోడకేసే చూస్తారే అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రెండు ప్రాణాలు ఒకదానికొకటి ముడిపడిపోయాయి.

చేపతో పాటు ఒక చిన్న మేత డబ్బా వచ్చింది. అందులో ఆవగింజంత నల్లటి గింజలు. ఎన్ని వెయ్యాలో డబ్బా మీద సన్నటి ఇంగ్లీషులో ఉంది. హైమ చదవలేదు, బస్సుకి వేళయిందని కొద్దికొద్దిగా వెయ్యమ్మా అని చెప్పి వెళ్ళిపోయింది. కొద్దికొద్దిగా అనే మాట మెస్సు నడిపినవాళ్ళతో అనకూడదు. వాళ్ళ కొద్ది వేరు.

వీరవేణి చిటికెడు గింజలు వేసింది. దొరగారు పైకొచ్చి గబుక్కున నాలుగు మింగి, మళ్ళీ ఆవిడ వైపు తిరిగి తోక ఊపుతూ నిలబడ్డాడు. ఆకలి తీరలేదనుకుని మారు వేసింది. మారు వేశాక కూడా అలాగే నిలబడ్డాడు. ఆ జాతి తీరే అంత, మనిషి వేలు కనబడితే చాలు పైకొస్తుంది. ఆవిడకి మాత్రం అది అన్నం అడిగే మొహంలా కనబడింది. పాపం, మొగుడి దగ్గర పదితో ఆపమన్న చెయ్యి, ఇక్కడ ఎవరూ ఆపేవాళ్ళు లేక తనివితీరా వేసింది. పొద్దున ఒకసారి, ఆయన జావ తాగాక ఒకసారి, మధ్యాహ్నం, సాయంత్రం. పలకరించడానికి వచ్చిన మెస్సు ఖాతాదార్లు కూడా, మాకు ఇన్నాళ్ళూ పెట్టిన ఇల్లు కదా అంటూ తలా ఒక చిటికెడు వేసి వెళ్ళేవారు.

తినని గింజలు నా అడుగున చేరి కుళ్ళడం మొదలుపెట్టాయి. నీళ్ళు బియ్యం కడుగులా తయారయ్యాయి. దొరగారి పొట్ట రోజురోజుకీ ఉబ్బింది. పక్కకి ఒరిగి ఈదడం మొదలుపెట్టాడు, తర్వాత ఈదడం మానేసి నా బుడగ పక్కన అడుగున పడుకున్నాడు. మంచం మీద చిట్టబ్బాయి గారు ఎడమ చేత్తో పట్టెని టకటకా కొట్టారు. ఆవిడ ఒంటికి వెళ్ళాలేమోననుకుని మంచం కింది డబ్బా తీసింది. ఆయన ఇంకా గట్టిగా కొట్టారు. చూపు నా మీద నుంచి తియ్యలేదు. అప్పుడు ఆవిడ తిరిగి చూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

పక్కింటావిడని ఆయన దగ్గర కూర్చోమని చెప్పి, నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. ప్రతి గతుకుకీ నాలో నీళ్ళు ఒలికి ఆవిడ చీర తడిసిపోయింది. నాకు మాత్రం ఇన్నేళ్ళలో అదే మొదటి షికారు, అలాంటప్పుడు చెయ్యాల్సి వచ్చింది. రంగు చేపల కొట్టు డేవిడ్రాజు నన్ను బల్ల మీద పెట్టి, వంగి చూసి, చేపని వదిలేసి ముందు ఆవిడ మొహం చూశాడు.

"పూటకి ఎన్ని గింజలేత్తన్నారమ్మా?"

"లెక్కేంటి బాబూ. కడుపు నిండేదాకా ఏత్తన్నాను."

"దీని కడుపెంతో తెల్సా మీకు? దీని కన్నెంతో అంత. అంతేనమ్మా." అతను చూపుడు వేలు గోరు చివర చూపించాడు. "పొద్దున రెండు గింజలు, సాయంత్రం రెండు. వారంలో ఒక రోజు పస్తు. ఇప్పుడు మాత్రం మూడ్రోజులు ఏమీ ఎయ్యకండి, నీళ్ళు సగం సగం మార్చండి. అది వచ్చి అడుగుద్ది. మీరు ఎయ్యకూడదు."

ఆకలికి చచ్చిపోదా అని ఆవిడ అడిగింది.

"ఆకలికి చచ్చిపోయిన ఫైటర్ని నేను ఇంతవరకూ చూళ్ళేదండి. పెట్టి చంపుకున్నోళ్ళే వత్తారు నా కాడికి."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ నన్ను రెండు చేతులతో గుండెకి అదుముకుంది. పెట్టి చంపుకున్నోళ్ళు అని తనలో తాను రెండుసార్లు అనుకోవడం నాకు వినబడింది. ఆవిడ ఆలోచిస్తున్నది చేప గురించి కాదని నాకు తెలుసు. పదకొండో చెంచా గురించి, పన్నెండో చెంచా గురించి ఆలోచిస్తోంది.

మూడు రోజుల పస్తు మొదలైంది. మొదటి రోజు దొరగారు అడుగునే ఉన్నాడు. రెండో రోజు సాయంత్రం మెల్లగా పైకొచ్చి, ఆవిడ మొహానికి ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ మేత డబ్బా చీర కొంగులో ముడేసుకుని, నాకు ఎదురుగా నేల మీద కూర్చుంది. వద్దు నాయనా, నన్ను అడక్కు, నేను పాపిష్టిదాన్ని అంటూ కన్నీళ్ళు పెట్టుకుంది. నూట యాభై మందికి వండినప్పుడు కూడా ఆవిడ అంత అలిసిపోవడం నేను చూడలేదు. పెట్టడం కంటే పెట్టకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ మూడు రోజుల్లో తెలిసింది. నాలుగో రోజు పొద్దున దొరగారి పొట్ట తగ్గింది, తోక విప్పుకుని గుండ్రంగా నాలుగు చుట్లు తిరిగాడు. ఆవిడ రెండంటే రెండు గింజలు లెక్కపెట్టి వేసింది. చిట్టబ్బాయి గారి పెదవి ఎడమ పక్కకి కొంచెం కదిలింది. అది నవ్వే.

ఆ రోజు నుంచి వీరవేణి మారిపోయింది. లెక్క తప్పడమన్నది లేదు. పొద్దున రెండు గింజలు, పది చెంచాలు. సాయంత్రం రెండు గింజలు, పది చెంచాలు. ఆదివారం దొరగారికి పస్తు. ఎవరైనా పలకరించడానికి వచ్చి మేత డబ్బా మీద చెయ్యి వేస్తే, ఆ చేతి మీద నిజంగానే ఒక్కటి వేసేది. పెట్టి చంపకండి అనేది. చిట్టబ్బాయి గారికి పొలమారడం తగ్గింది. ఒళ్ళు కాస్త తేరుకుంది. నాలుగు నెలలు తిరిగేసరికి డాక్టరు గారు చూసి, ఇంక మెత్తగా కలిపిన అన్నం పెట్టొచ్చన్నారు. మొదట్లో ఆరు ముద్దలు, చిన్నవి. వారం పోయాక చూసి పెంచుదామన్నారు.

ఆ ఆరు ముద్దల కోసం ఆవిడ తెల్లవారుజాము నుంచి చేసిన హడావిడి చెప్పనలవి కాదు. బోర్లించిన గిన్నెల్లోంచి చిన్నది ఒకటి తీసింది. కొత్త బియ్యం గంజి వార్చకుండా మెత్తగా వండింది. పెసరపప్పు కట్టు, చెంచాడు నెయ్యి వేసి, పలుకన్నది లేకుండా వేళ్ళతో మెదిపింది. ఆయన్ని దిండ్లు ఆనించి నిటారుగా కూర్చోబెట్టింది. అరిటాకు ముక్క ఒకటి కోసి తెచ్చి పళ్ళెంలో పరిచింది, అన్నం దాని మీదే పెట్టింది. ఆకు చూడగానే ఆయన ఎడమ చెయ్యి వచ్చి దాని అంచుని తడిమింది. అయిదు నెలల తర్వాత అన్నం.

ఒక్కో ముద్దా మింగి, ఆవిడ చెప్పకుండానే నోరు తెరిచి చూపించేవారు. ఒకటి, రెండు, మూడు. ఒక్క దగ్గు లేదు. ఆరో ముద్ద మింగారు. ఆకు మీద ఇంకా రెండు ముద్దల అన్నం ఉంది. ఆవిడ మూతి తుడవడానికి తడిగుడ్డ తీసుకుంది. అప్పుడు ఆయన తలెత్తి ఆవిడ మొహంలోకి చూశారు. గొంతులో ఏదో గురగుర మంది. పెదవులు ఒక దగ్గరికి వచ్చాయి, విడిపోయాయి, మళ్ళీ వచ్చాయి.

"మా... రు," అన్నారు.

అయిదు నెలల తర్వాత మాట. ఆవిడ చేతిలో గుడ్డ జారిపోయింది. గది బయటికి పరిగెత్తి ఊరంతా వినబడేలా అరవాలన్నట్టు ఒక్కసారి లేచి, మళ్ళీ కూర్చుండిపోయింది. ఆయన ఇంకోసారి ఆ మాట అనడానికి ప్రయత్నించారు, రాలేదు. ఎడమ చేత్తో ఆకుని చూపించారు. ఆవిడ వేళ్ళు ఆకు మీది అన్నం దాకా వెళ్ళాయి. ముద్ద చేశాయి. ఆ ముద్ద పట్టుకుని ఆవిడ నా వైపు చూసింది. దొరగారు నాలో నిలబడి ఉన్నాడు, సన్నగా, ఆరోగ్యంగా. నేను ఆ క్షణంలో పగిలిపోయినా బాగుండేది. ఆవిడ ముద్దని తిరిగి ఆకు మీద పెట్టేసింది.

"రేపు పెడతానండి," అంది. "డాక్టరుగారు ఆరే అన్నారు. రేపు పెడతాను కదా, నా బంగారం."

ఆయన కోపం తెచ్చుకోలేదు. కాసేపు ఆకు వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగి దొరగారిని చూస్తూ ఉండిపోయారు. ఆవిడ హైమకి ఫోను చేసి, నాన్న మాట్లాడారే, మారు అన్నారే అని నవ్వుతూ ఏడుస్తూ చెప్పింది. పెట్టలేదని కూడా చెప్పింది, గర్వంగానే చెప్పింది. మంచి పని చేశావమ్మా అంది హైమ.

మర్నాడు పొద్దున ఆవిడ పొయ్యి మీద బియ్యం పడేసి, దొరగారికి రెండు గింజలు వేసి, ఆయన్ని లేపడానికి వెళ్ళింది. ఆయన లేవలేదు. కళ్ళు నా వైపే ఉన్నాయి. వెనక వసారాలో అన్నం మాడిన వాసన వచ్చేదాకా ఆవిడ ఆయన పక్కనే కూర్చుని, ఏవండీ, ఇవాళ పెడతానన్నాను కదండీ అని పిలుస్తూనే ఉంది. పక్కింటావిడ వచ్చి పొయ్యి ఆర్పింది.

మళ్ళీ మెదడుకి రక్తం ఆగిపోయిందని డాక్టరు గారు చెప్పారు. తిండికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, మీరు ఒక్క ముద్ద ఎక్కువ పెట్టినా పెట్టకపోయినా ఇది ఆగేది కాదు, ఇన్నాళ్ళు మీరు చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేరు అన్నారు. అందరూ అదే అన్నారు. ఆవిడ అందరికీ తల ఊపింది. ఒక్కసారే వడ్డించి పంపేశాను, రుణం తీర్చేసుకున్నాను అన్న మాట మాత్రం నా మూత తీసి దొరగారికి గింజలు వేసేటప్పుడు, ఎవరూ లేకుండా చూసి అనుకునేది.

పెద్దకర్మ రోజున మెస్సు ఖాతాదార్లంతా వచ్చారు. వీరవేణి ఎవరు చెప్పినా వినకుండా తనే బేసిన్ పట్టుకుని వరసలో తిరిగింది. ప్రతి ఆకు ముందూ రెండోసారి ఆగింది. ఆ రోజు ఎవరూ చేతులు అడ్డం పెట్టలేదు. పెట్టిందంతా తిన్నారు, తలలు దించుకుని తిన్నారు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను.

అందరూ వెళ్ళిపోయాక మిగిలిన రోజులు మొదలయ్యాయి. హైమ శనివారాలు వస్తూనే ఉంది. ఒక సంగతి ఆమె కనిపెట్టడానికి రెండు నెలలు పట్టింది. తల్లి ఆకులోగానీ పళ్ళెంలోగానీ ఒక్కసారి పెట్టుకున్నదే తింటోంది. అది గుప్పెడైనా సరే, ఇంకో మెతుకు ముట్టుకోదు. గిన్నెలో అన్నం ఉంటుంది, పక్కన కూర ఉంటుంది, పళ్ళెం కడిగేసి లేచిపోతుంది. మనిషి సగానికి సగం అయింది. అడిగితే ఆకలి లేదే అంటుంది. నా కడుపు నాకు తెలీదా అంటుంది. దొరగారి లెక్క తనకీ పెట్టేసుకుంది మహాతల్లి.

నిన్న ఆదివారం. దొరగారికి పస్తు రోజు. హైమ వంట చేసి, ముందు గదిలోనే నా ఎదురుగా ఇద్దరికీ ఆకులు వేసింది. తల్లి నాలుగు ముద్దలు తిని చెయ్యి విదిలించబోయింది. హైమ అన్నం గిన్నె ఎత్తుకుని ఆవిడ ముందు నిలబడింది. వీరవేణి రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టేసి, తల అడ్డంగా ఊపింది. హైమ కదల్లేదు. అచ్చం ఆయన నిలబడినట్టే నిలబడింది. తల్లి వేళ్ళ మధ్య సందు వెతుక్కుని, గరిటె వంచి, సరిగ్గా అందులోంచి నాలుగు మెతుకులు జారవిడిచింది.

"చేతులు నీవే గానీ ఆకు మాదమ్మా," అంది.

వీరవేణి ఆ చేతులు అలాగే ఉంచి, అన్నం మీద వంగిపోయి ఏడ్చింది. పెద్దకర్మ నాడు కూడా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. చాలాసేపటికి తలెత్తి కూతుర్ని ఒక్క మాట అడిగింది.

"ఆ ముద్ద చేతిలోనే ఉందే హైమా. పెట్టుంటే ఏమయ్యేదే?"

హైమ గిన్నె కింద పెట్టి తల్లి పక్కన కూర్చుంది. నేను ఇరవై ఆరేళ్ళు ఆ ఇంట్లో అన్నం చూసిన దాన్ని, గాజుని, అటు ఏముందో ఇటు చూపించడం తప్ప నాకేం తెలుసు. వీరవేణి వేళ్ళ మధ్య పడిన మెతుకులు ఒక్కొక్కటే ఏరి నోట్లో పెట్టుకుంది. దొరగారు పైకొచ్చి ఆవిడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇవాళ నీకు లేదు నాయనా, రేపు పెడతాను అని అలవాటుగా అనేసి, ఆ మాట విని తనే ఆగిపోయింది.

కాసేపటికి చెయ్యి కడుక్కుని వచ్చి, మేత డబ్బా తీసి, ఒకే ఒక్క గింజ నా నీళ్ళలో వేసింది. దొరగారు దాన్ని మింగేశాడు.